విధి ఉందన్న వంతు నాది

పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకొని ఫోను తెరిస్తే, మా రిటైరైన పంతుళ్ల గ్రూపులో మళ్లీ అదే ప్రశ్న: విధి గొప్పదా, మనిషి ప్రయత్నం గొప్పదా? పోయిన నెలా ఇదే, దసరాకు ముందూ ఇదే, అడిగిన పెద్దమనిషి కూడా ఆయనే. కింద ఒకాయన రాత తప్పించుకున్నవాడు లేడంటాడు, ఇంకొకాయన అది సోమరిపోతుల మాట అంటాడు, నడుమ ఎవరో జోడించిన చేతుల బొమ్మ పెడతారు, ఊకదంపుడు అయిపోయాక అందరూ భోజనాలకు లేస్తారు. ఈసారి నాకు ఒళ్లు మండి, ఇంతకూ మీకేమైంది, ఎందుకు అడుగుతున్నారు అని రాశాను. అంతే. పెద్దవాళ్లను అవమానించానట, తత్త్వచింతన గిట్టనివాణ్నట, క్షమాపణ చెప్పకపోతే గ్రూపులోంచి తీసేస్తారట. తీసేయనీ. నేను చెప్పను. ఎందుకు చెప్పనో నా ఈడువాళ్లకైనా విన్నవించుకుందామని ఇది రాస్తున్నాను.

ఎనభైల నడుమ నేను కోస్గిలో కొత్తగా పంతులుద్యోగంలో చేరాను. పెండ్లి కాలేదు, కిరాయి గదిలో ఒక్కణ్నే ఉండేవాణ్ని, చదివిన నాలుగు ముక్కలు ఎవరికో ఒకరికి వినిపించకపోతే పొద్దుపోయేది కాదు. బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక దర్జీ దుకాణం ఉండేది. ఆ దర్జీని ఊరంతా చాచా అనేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నాలు పంతుళ్లం నలుగురం, పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన అక్కడ చేరేవాళ్లం. ఊరికే కూర్చొని నోరాడించేవాళ్లంటే చాచాకు పడదు, అందుకని వచ్చినవాడి ఒళ్లో ఒక అంగీ, సూదీదారం పడేసేవాడు. మేము గుండీలు కుట్టుకుంటూ, దేవుడున్నాడా, చచ్చాక ఏముంటుంది, విధి ఉందా అని వాదించుకునేవాళ్లం. నేను కుట్టిన గుండీలు నెల తిరక్కుండా ఊడిపోతున్నాయని ఒకసారి ఎవరో ఫిర్యాదు కూడా తెచ్చారు, అది వేరే సంగతి. వాదనకు మేము పెట్టుకున్న పద్ధతి మాత్రం ఒకటుంది. ఈ వారం ఉందన్నవాడు వచ్చే వారం లేదనాలి. ఎవడు ఏది నమ్ముతాడన్నది అడగకూడదు, ఎవడు బాగా మాట్లాడాడన్నదే చూడాలి. నేను బాగా మాట్లాడేవాణ్ని. ఆ సంగతి నాకు తెలియడమే నాకు పట్టిన శని.

మా మేనమామది పక్క పల్లె. ఆయనకు మూడెకరాల చెల్క ఉండేది, వానపడితే జొన్న, పడకపోతే దుమ్ము. రెండు ఎండాకాలాలుగా ఆయనా, అత్తా అందులో బాయి తవ్వుతున్నారు. సెలవుల్లో పోయి నేనూ తట్టలు మోశాను. ఐదు నిలువుల లోతుకు దిగాక బండ తగిలింది, గడ్డపార మొన రోజుకోసారి వంగిపోతోంది. ఆ మొన పెట్టించుకోవడానికే ఒక ఆదివారం మామ కోస్గికి వచ్చి, నేను అక్కడ ఉంటానని తెలిసి, చెప్పులు బయట విడిచి దుకాణం గడప దగ్గర కూర్చున్నాడు. మేము విధి మీద ఉన్నాం. ఆ వారం విధి ఉందన్న వంతు నాది.

మామ చాలాసేపు విని, మెల్లగా నోరు విప్పాడు. "రాసి లేకుంటే ఎంత కొట్టుకున్నా రాదంటవా అల్లుడా?"

కొత్త మనిషి వాదంలోకి దిగాడని అందరికీ సంబరమైంది. నేను ఒళ్లోని అంగీ పక్కన పెట్టి, రాసి లేని నీళ్లను గడ్డపారతో పైకి తేలేం మామా అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. రాజులనూ రుషులనూ తెచ్చి పావుగంట మాట్లాడాను. పోస్టాఫీసాయన తొడ చరిచి మెచ్చుకున్నాడు. మామ తల ఊపి, చాయ్ తాగి, గడ్డపార భుజాన వేసుకొని పోయాడు.

నాలుగో రోజు అత్త బడికి వచ్చింది. ఊళ్లో వారం నుంచి ఒక మేస్త్రీ మనుషుల కోసం తిరుగుతున్నాడట, బొంబాయి దిక్కు ఎక్కడో కొండ తొలిచే పనట. పోవాలా, ఇంకొంచెం తవ్వి చూడాలా అని మామ అన్నం సయించక కొట్టుకులాడాడట. పొద్దున లారీ ఎక్కేశాడు.

"నీళ్లు మనకు రాసి లేవంట, సదువుకున్న అల్లుడే చెప్పిండని పాయె. గట్ల అన్నవా నువ్వు?"

ఆ వారం అది నా వంతు మాత్రమేనని, వచ్చే ఆదివారమైతే తవ్వు మామా అనేవాణ్నని అత్తకు ఎట్లా చెప్పేది?

చాచాకు చెబితే ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గాయన వాదం కోసం సవాల్ అడగలె సార్. పోవాల్నా, ఉండాల్నా అని అడిగిండు. మనం ఎవ్వలం సమజ్ చేసుకోలె." ఆ రోజు నోరు మెదపని మనిషి, మనం అన్నాడు. అది నన్ను ఇంకా కుంగదీసింది. ఆనాటి నుంచి ఎవరు పెద్ద ప్రశ్నతో వచ్చినా చాచా ముందు ఏమైందని అడిగేవాడు. ఏమీ కాకపోతే అంగీ చేతిలో పెట్టి కూర్చోబెట్టేవాడు. ఏదైనా అయి ఉంటే మమ్మల్ని నోరు మూసుకోమని, చాయ్ తెప్పించి, అతను చెప్పిందంతా వినేవాడు. సరదా పోయిందని మాలో ఇద్దరు రావడం మానేశారు.

తొంభైల మొదట్లో మామ తిరిగి వచ్చాడు, ఛాతీ నిండా రాళ్ల దుమ్ము నింపుకొని. బాయి సగానికి పూడిపోయింది, మళ్లీ దాని దగ్గరికి పోలేదు. తప్పైంది మామా అంటే, నువ్వు నా చెడ్డకు చెప్తివా అల్లుడా అని దగ్గుతూ నవ్వాడు. పాలమూరు దవాఖానకు రెండేండ్లు తిప్పాం, దక్కలేదు. ఆ బండ కింద నీళ్లున్నాయో లేవో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అది విధా, ప్రయత్న లోపమా అని వాదించమంటే నేను వాదించను, ఎవరైనా వాదిస్తే ఊరుకోను.

చాచా లేడు. ఆ దుకాణంలో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. దానికి నాకు దుఃఖం లేదు, దుకాణాలు మారుతూనే ఉంటాయి. అడిగేవాడు మన ఎదుట కూర్చోకుండా పోయాడే, అది నాకు దుఃఖం. మళ్లీ మళ్లీ ఒకే ప్రశ్న పెట్టే ఆ పెద్దమనిషికి నిజంగా ఏదైనా అయిందేమో, ఎటో పోవాలా ఉండాలా అని ఆయనా కొట్టుకులాడుతున్నాడేమో, అందుకే అడిగాను. ఆయన ఇంకా బదులివ్వలేదు, తక్కినవాళ్లు ఇవ్వనివ్వలేదు. మా మామలాంటివాడు ఇవాళ ఆ గ్రూపులోకి వస్తే గడియలో నలభై జవాబులు దొరుకుతాయి, ఏదో ఒకటి పట్టుకొని లారీ ఎక్కేస్తాడు. నేను పంపింది ఒక్కణ్ని. ఆయన ముఖం నాకు తెలుసు, ఆయన దగ్గు నేను విన్నాను. వీళ్లు ఎందరిని ఎటు పంపారో తెలుసుకునే దారి కూడా వీళ్లకు లేదు.