దెబ్బకు నిజం కక్కే సినిమా

ఆ హిందీ పోలీసు సినిమాలో ఫైటింగులు బాగున్నాయని నేను ఇప్పటికీ అంటాను. ఎవరు కాదన్నా ఊరుకోను. హీరో కొడితే మనుషులు గాలిలో ఎగిరిపోయి లారీల మీద పడరు. నిలబడ్డ చోటే కూలబడతారు. పళ్లు రాలతాయి, మోకాలి చిప్ప పగిలిన చప్పుడు వినిపిస్తుంది. కూరగాయల మార్కెట్లో హీరో ఒకడి తలను దుకాణం షట్టరుకేసి బాదుతుంటే మా గోదావరిఖని హాలు ఈలలతో దద్దరిల్లింది. నేనూ వేశాను ఈల. బొగ్గు బాయిలో ఒళ్లు హూనం చేసుకుని, పైవాళ్లతో మాటలు పడి బయటికొచ్చే మనిషికి, కాసేపు కొట్టేవాడి పక్షాన కూర్చోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖాన్ని దాచుకుని పెద్దమనిషిలా మాట్లాడటం నాకు చేతకాదు.

బాగాలేనివీ ఉన్నాయి. హీరోయిన్‌కు టీ కప్పులు అందించడం తప్ప వేరే పని లేదు. శవం ఇంకా లేవకముందే ఒక పాట. విలన్ అంత తెలివైనవాడై ఉండి, చేతికి చిక్కిన హీరోను కాల్చి పారెయ్యకుండా ఉపన్యాసం మొదలుపెడతాడు. ఇవన్నీ పోనీలే అనుకోవచ్చు. నేను ఒప్పుకోలేనిది ఇంటర్వెల్‌కు ముందు వచ్చే ఠాణా సీను.

దాని సంగతి చెప్పాలంటే ఆ రోజు నా వరుసలో ఎవరు కూర్చున్నారో చెప్పాలి. నా పక్కన మా అక్క, ఆమెకు అవతల ఆమె భర్త, మా బావ. బావతో నేను మాట్లాడక ఏళ్లయింది. అంతకుముందు ఇద్దరం ఒకే షిఫ్టులో ఒకే జోడీ. బాయి లోపల కప్పు కూలకుండా బోల్టులు వేసే పని మాది. ఒకసారి మా షిఫ్టులో రాగి కేబుల్ మాయమైంది. పోలీసులు ముందు బావను ఎత్తుకుపోయారు. మర్నాడు నన్ను.

"మీ బావనే చెప్పిండు నీ పేరు" అన్నాడు వాళ్లలో ఒకడు. ఆ మాటతోపాటే చెవి మీద దెబ్బ పడింది. తర్వాత బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ఒకడు నా వీపు మీద కూర్చున్నాడు, ఇంకొకడు అరికాళ్ల మీద లాఠీతో కొట్టాడు. అరికాలి మీద పడ్డ దెబ్బ అరికాల్లో ఆగదు, నడినెత్తి దాకా పోతుంది. నోట్లో నాలుక తెగి రక్తం మింగాను. అసలు దొంగలు వేరే చోట దొరికాక మమ్మల్ని వదిలేశారు.

వాచిన కాళ్లకు బూట్లు పట్టక చాలా రోజులు డ్యూటీకి పోలేదు. కాళ్లు మానాయి కానీ బావ మీద కోపం మానలేదు. సొంత బామ్మర్దిని పట్టించినవాడు మనిషేనా అనుకున్నాను. ఆయన ఒకసారి ఏదో చెప్పుకోవడానికి మా ఇంటికి వస్తే గొడ్డలి తీసి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఈ ఆదివారం అక్క వచ్చి తెగేసి చెప్పింది. "సచ్చేదాక గిట్లనే ఉంటరా ఇద్దరు? సినిమాకు పోదాం. ఆయన వస్తడు, నువ్వు రావాలె. రాకుంటే ఇగ నీ గడప తొక్క. నేను సచ్చిన్నాడు గూడ నువ్వు రాకు."

నాకు ఫైటింగులంటే పిచ్చి కాబట్టి ఏరికోరి ఆ సినిమాకే తీసుకొచ్చింది. అందులో ఏముందో పాపం ఆమెకు తెలియదు.

ఠాణా సీనులో హీరో ఒకణ్ని తలకిందులుగా వేలాడదీస్తాడు. ముందు బెల్టు, తర్వాత లాఠీ. నాలుగు దెబ్బలు పడగానే వాడు విలన్ ఉండే వీధి, ఇంటి నంబరు పొల్లుపోకుండా చెప్పేస్తాడు. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. దెబ్బకు నిజమే వస్తుందని ఎవడు చెప్పాడు వీళ్లకు? ఆ బల్ల మీద నన్ను అడిగి ఉంటే బాయి మొత్తం నేనే ఎత్తుకుపోయానని చెప్పేవాణ్ని.

ఇంతలో తెర మీది ఠాణాలో లైటు ఆరిపోయింది. చీకట్లో దెబ్బల చప్పుడు మాత్రమే నాలుగు గోడల నుంచీ వస్తోంది. ఆ చీకట్లో బావ నా పేరు పెట్టి అరిచాడు.

అది మామూలు అరుపు కాదు. బాయిలో కప్పు నుంచి పెళ్లలు రాలడం మొదలైతే ముందు జోడీవాడి పేరు పెట్టి కేక వేస్తాం. అవతలివాడు ఏ పనిలో ఉన్నా పలకాలి. పలకలేదంటే బండ కింద ఉన్నట్టే. బాయిలో దిగినవాళ్లందరికీ ఆ కేక తెలుసు. గొంతు పగిలేలా బావ వేసింది ఆ కేకే.

ముందు వరుసలో ఎవరో నవ్వారు. నేను అక్కను దాటుకుని వెళ్లి ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. ఆయన రెండు పాదాలూ సీటు మీదికి లాక్కుని అరికాళ్లను చేతులతో మూసుకున్నాడు.

"గా దినం ఠాణాల గూడ గిట్లనే పిలిచినవా బావా?" అన్నాను.

"మరెవర్ని పిలుస్త? కండ్లకు గుడ్డ కట్టిండ్రు. మీదికెల్లి ఒకటే దెబ్బలు. బాయిలనే ఉన్ననుకున్న, నిన్ను పిలిచిన. నువ్వు దొంగవని నేను చెప్పలే. వాళ్లే నీ పేరు రాసుకున్నరు."

ఆయన నా ముఖం తడిమి చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఎంత పిలిచినా నువ్వు పలుకలే. నా దెబ్బలు నేను మర్శిపోయిన. బండ కింద పడ్డవనుకొని ఏడ్సిన."

"ఉన్న బావా, ఈడనే ఉన్న" అన్నాను. అంతమందిలో సిగ్గు లేకుండా, ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను.