ఏంజెలిన్ ద్రాక్ష

ఆత్మకూరు బస్సులో డేవిడ్‌రాజు పైన పెట్టిన తడి గోనెమూట నుంచి నీళ్లు కారి, కింద కూర్చున్న పెద్దమనిషి నడినెత్తిన పడ్డాయి. ఆయన తుడుచుకుంటుంటే డేవిడ్‌రాజు ధైర్యం చెప్పాడు: “ఏం కాదులే సార్. మా బాప్టిస్టుల్లో బాప్తిస్మానికి చిలకరింపు చెల్లదు. నిండా మునగాల్సిందే.”

ఆయన కొత్తగా వచ్చిన ఉద్యానశాఖ అధికారి సురేంద్రబాబు. మూటలో ఏముందని అడిగాడు. సంతలో అమ్మబోయే ద్రాక్ష కొమ్మలు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుకునే డేవిడ్‌రాజుకు ఇంటి వెనక ఉన్నది ఒకటే తీగ. ఇంట్లో చెప్పకుండా వచ్చి అతన్ని పెళ్లాడిన ఏంజెలిన్, వస్తూ వస్తూ తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ అది. ప్రభువు బల్లనాడు చర్చిలో రొట్టెతోపాటు అందరూ తాగేది ఆ పళ్ల రసమే. ఆమె చనిపోయాక, కత్తిరించిన కొమ్మలు పారెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. పాల ప్యాకెట్లలో పాతి పెంచాడు. అడిగినవాళ్లకు ఇచ్చాడు, మిగిలినవి అమ్మాడు.

వారం తిరక్కుండా అధికారి ఇంటికే వచ్చాడు.

“ఏం రకమయ్యా ఇది?”

“ఏంజెలిన్ రకం సార్.”

“అట్లాంటి రకానికి ఆమోదమే లేదే!”

“ఆమెకూ మా మామ ఆమోదం లేదు సార్. అయినా కాపురం చేసినాము.”

సురేంద్రబాబు నవ్వాడు. మొక్కలు అమ్మాలంటే లైసెన్సు ఉండాలనీ, తల్లితీగను పరీక్ష చేయించాలనీ చెబుతూనే ఒక ఆకు తిప్పి చూశాడు. ఈనెలు పచ్చగా, మిగతాదంతా ఎర్రగా, అంచులు కిందికి ముడుచుకుని ఉంది. నవ్వు ఆపేశాడు.

పరీక్షలో వైరస్ తేలింది. మందు లేదు. కొమ్మతోపాటే పాకుతుంది.

“ఇక అమ్మబాక. ఇంట్లో తీగంటావా, అది నీ ఇష్టం.”

డేవిడ్‌రాజు నేరుగా దుత్తలూరు పోయాడు. అక్కడ పెంచలయ్య ఎప్పుడో అతని దగ్గర తీసుకున్న కొమ్మలే అరెకరంలో నాటాడు. తోటంతా ఎర్రబారి ఉంది. పెంచలయ్య ఒక పండు తెంపి చేతిలో పెట్టాడు.

“తిని చూడు రాజన్నా. ఎప్పుడూ తీపెక్కదు. నా నేలే మంచిది కాదేమో అనుకుంటా ఉండాను.”

నోట్లోది మింగలేక, ఉమ్మలేక, డేవిడ్‌రాజు ఉన్నమాట చెప్పేశాడు.

“వదిన చేతి మొక్కని కళ్లకద్దుకోని నాటినానన్నా” అన్నాడు పెంచలయ్య.

తీగ నిలిచి ఉన్నంతకాలం ఎవరో ఒకరు గోడమీంచి కొమ్మ విరుచుకుంటారు, ఏంజెలిన్ గుర్తుగా. ఇల్లు చేరిన డేవిడ్‌రాజు గరిటెలు చెక్కే బాడిశతోనే తీగను మొదలంటా నరికాడు. వేళ్లు తవ్వి తీసి, అన్నీ కుప్పేసి నిప్పు పెట్టాడు. గరిటెకు సరిపోయేంత లావు ముక్క ఒకటి దొరికింది. కాసేపు చేతిలో తిప్పి, దాన్నీ మంటలో వేశాడు.

తర్వాతి ప్రభువు బల్లకు అంగడి సీసా రసం వచ్చింది. చర్చి బయట చెప్పులేసుకుంటున్న అతన్ని సంఘంలోని కామమ్మ నిలదీసింది.

“ఏందన్నా ఈ రసం? చక్కెర నీళ్లు తాగినట్టుండాది. మా ఏంజెలిన్ రసం ఏమైపోయినాది?”

“దీనికి ఆమోదం ఉండాది కామమ్మా.”