నోటికేమీ ఇవ్వొద్దు

మంథని దారిలో వాగు మీద తాత్కాలిక వంతెన కట్టే సైనిక దళానికి నర్సింగ్ సిపాయిగా నేను చేరింది ఆషాఢంలో, మధ్యాహ్నం రెండింటికి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండో వానాకాలం. నలభై మంది, ఎనిమిది గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక మందుల పెట్టె. డాక్టరు కెప్టెన్ ఉండేది సికింద్రాబాద్‌లో. వైద్యం వైర్‌లెస్‌లో చెప్పేవాడు. మా ఊరివాళ్లు నన్ను యుద్ధం కథలు అడుగుతారు. నా దగ్గరున్నది ఇదొక్కటే.

ఐదో వారంలో వాన విడవలేదు. వాగు పొంగి దారి తెగింది. ఆ మర్నాడు పొద్దున ఆరున్నరకు మా వంటాయన పొయ్యి దగ్గరే నెత్తురు కక్కుకున్నాడు. బోథ్ ఊరి మనిషి, యాభైకి దగ్గర. నేను కాకా అనేవాణ్ణి. కక్కింది సగం చెంబు. నాడి నూట ఇరవై.

"ముందుగాల ఏమన్న కనవడ్డదా కాకా?"

"నాలుగొద్దుల సంది దొడ్డికి నల్లగ పోతుంది. అల్లనేరేడు పండ్లు తిన్నగద, గందుకే అనుకున్న."

నల్లగా పోయిందంటే కడుపులో నెత్తురు కారుతున్నట్టు. నాలుగు రోజులు! నన్ను పది అడుగుల దూరంలో పెట్టుకుని ఈయన పళ్ల మీదికి నెట్టేశాడు.

ఏడింటికి కెప్టెన్ దొరికాడు. వైర్‌లెస్ అతను ఒక్కో మాటా విని నాకు చెప్పాడు. నోటికేమీ ఇవ్వొద్దు. మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యి. మార్ఫియా సూది వెయ్యి. నరానికి సెలైన్ ఎక్కించు. ముక్కులోంచి కడుపులోకి రబ్బరు గొట్టం దించి, ఐసు నీళ్లు పోసి, వెనక్కి లాగు. తేటగా వచ్చేదాకా ఆపొద్దు.

ఐసు లేదని చెప్పించాను. గంట తర్వాత కెప్టెన్ మళ్లీ అడిగాడు, ఐసు పెట్టావా అని. ఆ తర్వాత గంటకూ అదే ప్రశ్న. ఐసు వాగు అవతల ఉంది మహాప్రభో, నేను ఇవతల ఉన్నాను. చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లు కొత్త కుండలో పోసి, తడిగుడ్డ చుట్టి, గాలికి పెట్టి వాడాను. మొదట ఎర్రగా వచ్చాయి. పదకొండింటికి దాదాపు తేటపడ్డాయి.

చేతులు కడుక్కుని రావడానికి పావుగంట పట్టింది. వచ్చేసరికి మా దళం డ్రైవరు కాకా తలాపున కూర్చుని జొన్న గట్క నోట్లో పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్రా?"

"నెత్తురంత పాయె. కడుపుల ఏమన్న పడకపోతె మనిషి ఎట్ల నిలవడ్తడు?"

గొట్టంలో మళ్లీ ఎరుపు. వాడి ప్రేమ పాడుగాను! మళ్లీ మొదటి నుంచి కడిగాను. మనిషి చేతిలోంచి జారిపోతున్నాడని భయం వేసింది. భయం వేస్తే నాకు కోపమొస్తుంది. గుడారం గుమ్మంలో కర్ర పట్టుకుని కూర్చున్నాను.

మూడింటికి సెట్టు పలికింది.

"ఈమధ్య ఆయినెకు ఏం గోలీలిచ్చిన్రని అడుగుతుండు," అన్నాడు వైర్‌లెస్ అతను.

"మోకాళ్ల నొప్పులకు ఏపీసీ గోలీలు. పూటకు రెండు. మూడు వారాలు."

"పరిగడుపునా అంటుండు."

"పొయ్యి ముట్టిచ్చే ముందు ఏసుకుంటడు. పరిగడుపునే."

అతను అది సెట్టులో చెప్పి, జవాబు విన్నాడు.

"గండ్ల యాస్పిరిన్ ఉంటదట. కడుపుల పొరను కొరుకుతదట." అతను నా వైపు చూడలేదు. "ఎవలిచ్చిన్రంటుండు."

"నేనే అని చెప్పు."

అతను ఆ మాటను గొంతు తగ్గించి చెప్పాడు. పొద్దున్నించీ నేను అరవని మనిషి లేడు. అందరికంటే ముందు ఆయన నోటికి ఇచ్చినవాణ్ణి నేనే. ఇన్నేళ్లయినా తలచుకుంటే సిగ్గుతో ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం ఆరింటికి నీళ్లు తేటపడ్డాయి. మర్నాడు తొమ్మిదింటికి వాగు నడుము లోతుకు దిగింది. ఆరుగురం స్ట్రెచర్ ఎత్తి దాటించాం. అవతల లారీ ఆగి ఉంది. ఆసుపత్రిలో రెండు సీసాల నెత్తురెక్కించారనీ, బతికాడనీ, ఫౌజు ఇంటికి పంపేసిందనీ తర్వాత తెలిసింది.

లారీ ఎక్కించే ముందు ఆయనతో ఉన్నదున్నట్టు చెప్పాను.

"నా గోలీలతోనే గిట్లయింది కాకా."

"నువ్వు కావాల్నని ఇచ్చినవా బిడ్డ. ఫికర్ చెయ్యకు."

కార్తీకంలో నేను కరీంనగర్ తిరిగొచ్చేశాను. ఆ దళం, ఆ వంతెన, కెప్టెన్ గొంతు అన్నీ మసకబారాయి. ఒక్కటి పోలేదు. లారీ కదలబోతుంటే కాకా దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాపాడు. పాలిపోయి, తెల్లగా, గీతల్లో మాత్రం పొయ్యి మసి.

"మోకాలు గుంజుతుంది బిడ్డ. జర ఒక్క గోలి ఉంటె ఇయ్యరాదు," అన్నాడు.