అప్పలమ్మ గారి స్మాకింగ్ గౌను

1995 చలికాలంలో నేను దక్షిణాఫ్రికాలోని డర్బన్ నడిబొడ్డున ఉన్న ఒక పాత ఫోటో స్టూడియోలో డ్రెస్సర్‌గా చేరాను. మా వారికి ఇంజనీరు ఉద్యోగం వచ్చి, కాకినాడ నుంచి ఆ ఊరు చేరి అప్పటికి ఆరు నెలలు. నాకున్నవి కుట్టుపనిలో ఒక డిప్లొమా, అవసరానికి మించిన నోరు. డ్రెస్సర్ అంటే ఫోటో కోసం చిన్నపిల్లలకు బట్టలు తొడిగి, కూర్చోబెట్టే మనిషి. హోదాలో ఫోటోగ్రాఫర్‌కి కింద, రిసెప్షన్ అమ్మాయికి పైన. మొదటి మూడు నెలలూ ప్రొబేషన్.

మా స్టూడియోకి పేరు తెచ్చినవి పిల్లల క్లాసిక్ పోర్ట్రెయిట్లు. వెనక బూడిదరంగు తెర, కూర్చోవడానికి ఒక బల్ల, పక్క నుంచి మెత్తటి వెలుగు, అంతే. బట్టల మీద బొమ్మలూ అక్షరాలూ ఉండకూడదు. గుండ్రటి కాలరు, తెల్ల మేజోళ్లు. చొక్కా వదులైతే వెనక నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాం. ముందు నుంచి చూస్తే దొరబాబు, వెనక నుంచి చూస్తే తీగ మీద ఆరేసిన దుప్పటి. ముందు పాలు, ఆ తర్వాతే బట్టలు. గౌను ఎప్పుడూ తల మీంచి వెయ్యకూడదు, మొహం కప్పేస్తే పిల్లలు బెదిరిపోతారు. ముస్తాబయ్యేదాకా పెద్దవాళ్లు బట్టలు మార్చే చోట కట్టిన తెరకి బయటే ఉండాలి, లేకపోతే పిల్లలు చంక దిగరు. ఇంత చేసినా పిల్ల ఓపిక పది నిమిషాలు. రెండోసారి బట్టలు మార్చాల్సి వస్తే ఇక ఆ ఫోటో మీద ఆశ వదులుకోమనేవారు మా ఫోటోగ్రాఫర్ డెస్మండ్. ఆయన తాతలు తమిళులు, ఆయనకు వచ్చింది ఇంగ్లీషొక్కటే. మితభాషి.

ఒకప్పుడు ఆ స్టూడియోలోకి తెల్లవాళ్ల పిల్లలే వచ్చేవారట. ఇప్పుడు తలుపులు అందరికీ తెరిచారు కదా, మనవాళ్ల కోసం మన బట్టలుండాలని మేనేజర్ని పోరి పోరి, అరడజను పట్టులంగాలు కుట్టించి బీరువాలో పెట్టించాను. మూడు వారాలు గడిచినా ఒక్క లంగా బయటికి వస్తే ఒట్టు. నాకు ఉడుకుమోత్తనంగా ఉండేది.

అలాంటి ఒక ఉదయం అప్పలమ్మ గారు రెండేళ్ల మనవరాలు ప్రెనీషాని ఎత్తుకుని, ఊరి శివార్లలోని ఖర్వాస్తాన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. కళ్లద్దాలు సీసా అడుగుల్లా ఉన్నాయి. నా బొట్టు చూసి, "మన మనిసివా అమ్మాయ్?" అన్నారు. ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషి నోట తెలుగు వినేసరికి నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. ఆవిడ టిష్యూ కాగితంలో చుట్టిన మూట ఒకటి నా చేతిలో పెట్టారు. తువ్వాలో, మార్చుకునే బట్టలో అనుకుని అలమరలో పడేసి, పిల్లని తీసుకుని తెర లోపలికి వెళ్లిపోయాను. తెలుగు మామ్మ, తెలుగు మనవరాలు, ఇక అడగాల్సిందేముంది? ఆకుపచ్చ లంగా, ఎర్ర జాకెట్టు తీసి తొడిగేశాను.

కొత్త జరీ అంచు గుచ్చుకుని పిల్ల ఏడుపు లంకించుకుంది. నేను గర్వంగా తెర తీశాను.

అప్పలమ్మ గారు దగ్గరికొచ్చి లంగా అంచు పట్టుకుని చూశారు. తర్వాత, "ఇదేటమ్మాయ్? నాను ఫ్రాక్ తెచ్చినాను గదా" అన్నారు.

అలమరలోంచి మూట తెచ్చి విప్పాను. లేత పసుపు గౌను. ఛాతీ మీద పన్నెండు వరుసల స్మాకింగ్. గుడ్డని సన్నటి కుచ్చులుగా దగ్గరికి లాగి, వాటి మీద రంగు దారంతో గళ్లు కుట్టే పని అది. డిప్లొమాలో నేను రెండు వరుసలు కుట్టి చేతులెత్తేశాను. ఈ గౌనులో ఎక్కడా చెయ్యి తడబడలేదు.

ఆవిడ సంగతి అప్పుడు చెప్పారు. మొబేనిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇలాంటి గౌన్లకే స్మాకింగ్ కుట్టారట. సెలవు రోజున ఊళ్లోకొచ్చి మా స్టూడియో షోకేసు ముందు నిలబడేవారట. లోపలి ఫోటోల్లో తెల్లపిల్లల ఒంటి మీద తన కుట్టు తనకు తెలిసిపోయేదట. "థర్టీ యియర్స్ కుట్టినాను. మా పిల్లలకి ఒక్కటీ లేదు. గేటు కాడ బేగులు సూస్తారు" అన్నారు. ఈ గౌను ఇంట్లో కూర్చుని, చూపు ఆనకపోయినా ఎనిమిది నెలలు కుట్టారు. ఈలోగా పిల్ల పెరిగిపోయింది. ఇప్పుడే బిగుతు, నెల పోతే పట్టదు. మరొకటి కుట్టడానికి కళ్లు లేవు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లంగా విప్పేశాను గానీ, పిల్ల కర్రలా బిగుసుకుపోయి, నా చెయ్యి దగ్గరికొస్తే చాలు ఆరున్నొక్క రాగం అందుకుంటోంది. వెనక గుండీలన్నీ విప్పి, గౌనుని దీపం దగ్గర వెచ్చచేసి, నేల మీద గుండ్రంగా పరిచాను. అందులో కాలు పెడితే పైకి లాగేయొచ్చు. పెట్టదే! డెస్మండ్ గడియారం చూసుకుని, ఇంకో రోజు రమ్మందామని ఇంగ్లీషులో మెల్లగా అన్నారు.

అది విని అప్పలమ్మ గారికి తిక్క రేగింది. కోపం నా మీద. "మొద్దు మొకమా, పెద్దమనిసి తెచ్చిన మూట ఇప్పి సూడాలని తెలీదేటి నీకు? కళ్లు ఆ కబోర్డులో పెట్టి తాళమేసినావా?"

ఏడుపు ఠక్కున ఆగింది. ఇంట్లో రోజూ తనకు పడే తిట్లు ఇంకొకరికి పడుతుంటే ప్రెనీషా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత కిచకిచా నవ్వింది.

ఇక నేను ఆలోచించలేదు. రెండు చెవులూ పట్టుకుని ఒక గుంజీ తీశాను. పిల్ల చప్పట్లు కొట్టింది. "ఎగైన్" అంది. కాలు గౌనులో పెడితేనే ఇంకోటి అన్నాను. కుడి కాలు పెట్టింది, గుంజీ తీశాను. ఎడమ కాలు పెట్టింది, తీశాను. అప్పలమ్మ గారు కిటుకు కనిపెట్టేసి, తిడుతూనే వెనక గుండీలు పెట్టేశారు.

రీలుకి పన్నెండు ఫోటోలు. పన్నెండూ అయ్యేదాకా కెమెరా వెనక నేను గుంజీలు, నా పక్కన ఆవిడ తిట్లు. "వంగు, ఇంకా వంగు, అదేటి ఆ వంగడం?" అంటూ ఆవిడ కూడా పకపకా నవ్వేస్తున్నారు. డెస్మండ్ గారికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. మర్నాడు నేను మెట్లు దిగలేకపోయాను.

పన్నెండులో ఏడో ఫోటోని మేనేజర్ షోకేసుకి ఎంచారు. దాన్ని పెట్టిన రోజు అప్పలమ్మ గారు మనవరాలితో వచ్చి, వీధిలో అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డారు. పిల్ల తనని తాను చూసుకుని కేరింతలు కొడుతోంది. ఆవిడ మాత్రం మొహం జోలికి పోకుండా, వేలు పెట్టి వరుసలు లెక్కపెట్టారు. చివరికి నన్ను పిలిచి, "తొమ్మిదో వరస కాడ ఒక కుట్టు లూజు. సూసినావా?" అన్నారు. నేను చూడలేదన్నాను. "నాను సూసినాను" అని, పిల్లని చంకనెత్తుకుని బస్టాపు వైపు నడిచారు. ఆవిడ అంత నిటారుగా నడవడం అదే మొదటిసారి చూశాను.

ప్రొబేషన్ గట్టెక్కింది. తర్వాతి ఏళ్లలో హెడ్ డ్రెస్సర్‌నయ్యాను, నా కింద చేరినవాళ్లకు పని నేర్పాను. పాలు, క్లిప్పులు, గుండీల కంటే ముందు నేర్పింది ఒకటే. ఇంటి నుంచి తెచ్చిన మూటని వాళ్ల ఎదుటే విప్పాలి, ఏది తొడగాలో వాళ్ల నోటితో చెప్పించుకోవాలి, ఆ తర్వాతే పిల్లని ముట్టుకోవాలి. నేను రిటైరయ్యేదాకా ఈ వరుస తప్పలేదు.