చెరుకు దీవి, ఆముదం చెలక

జమైకా దీవికి స్వాతంత్ర్యం రాబోతోందని కల్వకుర్తి బస్సులో పేపరు పైకి చదువుతున్నాను. పక్కన ఒక రైతు, ఒళ్లో ఆముదం విత్తనాల సంచి. జొన్న కంటే ఆముదమే లాభమని అంతకుముందే ఆయనకు లెక్కగట్టి చెప్పాను. ఐదెకరాల్లోనూ అవే వేస్తానన్నాడు.

“ఆ దీవిల ఏం పండిస్తరు సారూ?”

“ఎక్కువ చెరుకే. ఓడలల్ల పంపి, తిండిగింజలు ఓడలల్లనే తెచ్చుకుంటరు.”

“చెరుకు ధర ఎవలు చెప్తరు?”

“కొనేటోళ్లు.”

“మరి రాజ్యం ఎవలకొచ్చినట్టు?”

ఆయన సంచి మూతి విప్పి చూసి, మళ్లీ కట్టి, బస్సు ఆపించాడు.

“సగం వాపస్ ఇచ్చి జొన్న విత్తనం తెస్త. మా పోరగాండ్లు ఆముదాలు తినరు గద” అంటూ దిగిపోయాడు.

మా ఊళ్లో పన్నెండు ఇళ్లవాళ్లు నా లెక్క నమ్మి అప్పటికే ఉన్న చెలక భూమంతా ఆముదం విత్తేశారు.