బానెట్ మీద ఆగని తోక

నరసరావుపేటలో నా స్టిక్కర్ల షాపుకొచ్చేవాళ్ళకి అక్షరం కన్నా దాని తోక మీదే మోజెక్కువ. ట్రాక్టరు మీద బిడ్డ పేరైనా, బైకు మీద అమ్మ దీవెనైనా, చివర మెలికలు తిరగాల్సిందే. ఆ తోకల అక్షరాలు కీబోర్డు మీద ఉండవు. కంప్యూటర్లో ఇంకో విండో తెరిచి, ఫాంటు లోపల దాక్కున్న వందలాది బొమ్మ అక్షరాల్లోంచి కావాల్సింది కాపీ చేసి, స్టిక్కర్లు కోసే మెషిను సాఫ్ట్‌వేర్లో పేస్టు చేయాలి. టైపు చేసే చోట అది ఖాళీ డబ్బాలాగే కనిపిస్తుంది. అసలు రూపం పక్కనున్న షీటు మీద తేలుతుంది. మొదట్లో ఆ ఖాళీ డబ్బాలంటే నాకు మహా చిరాకు. ఇప్పుడు చిరాకు కాదు, భయం.

బొల్లాపల్లి అవతల పల్లె నుంచి ఒక రైతు కొత్త ట్రాక్టరు బానెట్ మీద కూతురి పేరు వేయించడానికి వచ్చాడు. పిల్లనీ వెంటబెట్టుకొచ్చాడు. ఆరేళ్ళుంటాయేమో. నేను తోకలన్నీ చూపిస్తుంటే స్టూలెక్కి, జిడ్డు వేలు తెర మీద ఆనించింది.

"నాకిది."

వెంట్రుకంత సన్నం. రెండు మెలికలు తిరిగి ఆగిపోతుంది.

"ఇంత సన్నంది చిరిగిపోద్దే. లావుగా ఉండేది చూసుకో," అన్నాను.

"ఉహూ, నాకిదే."

"దాని మాటే చెల్లాలమ్మా మా ఇంట్లో," అని వాళ్ళ నాన్న మురిసిపోయాడు. మూడుసార్లు కోస్తే మూడుసార్లూ చిరిగింది. పైకి నవ్వుతూ లోపల తిట్టుకుంటూ నాలుగోసారి కోశాను.

రెండేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి ఒక్కతే వచ్చింది. ఆమెను చూడటం అదే మొదలు. పిల్ల నిరుడు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయిందని చెప్పింది.

"ట్రాక్టరు అమ్మేశామక్కా. కొన్నోళ్ళు సోమవారం వచ్చి తోలుకుపోతారంట. పోయిన పిల్ల పేరు బండి మీద వద్దన్నారని మా ఆయన పీకేశాడు. నేను చూసేసరికే ఉండజుట్టి పారేశాడు. నాకు అదే పేరు, అదే తోకతో కోసివ్వు. ఇంట్లో పెట్టుకుంటా."

అదెంత పనిలే అనుకుని పాత ఫైలు తెరిచాను. పేరంతా మామూలు అక్షరాల్లోకి మారిపోయి ఉంది. చివరి అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. పక్కన షీటు మీదా అదే డబ్బా. కంప్యూటరు ఫార్మాట్ చేయించినప్పుడు ఆ ఫాంటు పోయిందన్నమాట. దాని పేరేమిటో, ఎక్కడి నుంచి దింపానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

"అదేందక్కా, దాని అక్షరం ఏది?" అందామె, తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి.

సాయంత్రం దాకా ఉన్న ఫాంట్లన్నీ తిప్పాను. ఏ తోక చూపించినా, "ఇది కాదు. దానిది ఇట్టా ఉండదు," అనేది. తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యలో చెయ్యి జారి కట్ నొక్కితే, మెషిను ఆ ఖాళీ డబ్బానే కోసి బయటకు తోసింది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

అప్పుడు తట్టింది నాకు. ఎండకు బండి రంగంతా వెలుస్తుంది గానీ స్టిక్కరు కింద వెలవదు. స్టిక్కరు పీకేసినా దాని నీడ రంగులో మిగులుతుంది. బండి ఇంకా ఇంట్లోనే ఉంది.

మర్నాడు ఆదివారం బట్టర్ పేపరు, పెన్సిలు తీసుకుని స్కూటీ మీద వాళ్ళ ఊరెళ్ళాను. పిల్ల నాన్న అరుగు మీద కూర్చుని మా వైపు చూడనైనా చూడలేదు. నడినెత్తిన ఎండ. బానెట్ నున్నగా, ఎర్రగా ఉంది. తడిగుడ్డతో తుడిచాను, ఏమీ లేదు. నా మీద నాకే కోపమొచ్చింది. పొద్దు వాలేదాకా ఆగాం. వెలుగు పక్కవాటంగా పడగానే ముందు మొదటి అక్షరం, తర్వాత రెండోది, ఒక్కొక్కటే ముదురెరుపుగా పైకి లేచాయి. ఆయన అరుగు మీంచి లేచాడు. "పీకేశాను కదా," అన్నాడు. ఆ మాటే ఇంకోసారి అని లోపలికి వెళ్ళిపోయాడు.

పేపరు అంటించి గీస్తూ వచ్చాను. తోక రెండు మెలికలు తిరిగింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. ఇంకా ముందుకెళ్ళి, వంపు తిరిగి, లైటు పక్కగా కిందికి జారింది. చిటికెన వేలంత వెడల్పు చార.

"ఇది నేను కోసింది కాదు," అన్నాను.

ఆమె పక్కన గొంతుకూర్చుని ఆ చార మీద వేలు పెట్టింది. ఆమె వేలే దానికన్నా లావుగా ఉంది.

"బడి నుంచి రాగానే ముందు చక్రం ఎక్కేదక్కా. పేరు మీద వేలు పెట్టి రుద్దుకుంటా పోయేది, రోజూ. తోక అయిపోయినా ఆపేది కాదు. చెయ్యి అందినంతకాడికి గీసేది."

రోజూ వేలి జిడ్డు పట్టి, రుద్దిన చోట రంగు వెలవలేదు. చుట్టూ పాలిపోయింది గానీ అక్కడ మాత్రం ఇంకా మెరుస్తోంది.

"ఎక్కడిదాకా కొయ్యమంటావమ్మా?"

"అది ఆపిందాకా."

సోమవారం పొద్దున్నే ఆ గీతను స్కాన్ చేసి కోశాను. ఎంతో సన్నగా ఉన్న ఆ తోక ఈసారి ఒక్కచోట కూడా చిరగలేదు. అప్పట్లా చిరిగితే బాగుండేదనిపించింది, నిజం చెప్తున్నా. మధ్యాహ్నం తీసుకెళ్ళేసరికి వాకిట్లో ట్రాక్టరు లేదు, చక్రాల జాడలున్నాయి. ఆమె ఇనుప బీరువా తలుపు తుడిచి సిద్ధంగా ఉంచింది. నా కళ్ళ ఎత్తులో పెట్టి, వంకర లేకుండా చూసి, "ఇక్కడ అంటించనా?" అని అడిగాను.

"అంత పైనా?" అంది గాభరాగా. "కిందికి దించక్కా. దానికి అందదు."

నేను స్టిక్కరు పట్టుకుని నేల మీద కూర్చున్నాను.