కాళ్ళ మీద పోసిన నీళ్ళు

మా అప్పకి రోజుకి ఒక చిన్న సీసాడు నీళ్ళు. పొద్దున్నే నింపి బల్ల మీద పెడతాను. టీ తాగినా, మాత్ర మింగినా, అన్నంలో చారు కాస్త ఎక్కువ పడ్డా ఆ సీసాలోంచే తగ్గించుకోవాలి. కిడ్నీలు పనిచెయ్యడం మానేసిన మనిషికి నీళ్ళు ఎక్కువైతే కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి వెళ్ళొస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు.

అప్ప అంటే అక్క. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలతో పాటు తెచ్చుకున్న పిలుపు. పెట్టెలు తుప్పు పట్టాయి గానీ పిలుపు బాగానే ఉంది. అలా తెచ్చుకున్నదే ఎండాకాలంలో చేసే అమ్మవారి పండగ కూడా. బెంగాలీ వాళ్ళు దాన్ని మాతా పూజో అంటారు, పిల్లల్ని ఎత్తుకుని చూడటానికి వస్తారు. పసుపు పూసి, వేపరెమ్మలు కట్టిన ఘటాన్ని తల మీద పెట్టుకుని, ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా గుడి దగ్గర బయల్దేరి క్వార్టర్లన్నీ తిరుగుతారు. ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. ఆ ఇంటివాళ్ళు బిందెతో పసుపు నీళ్ళు తెచ్చి ఘటం ఎత్తినామె కాళ్ళ మీద పోసి దణ్ణం పెట్టుకుంటారు. ఘటం దించేదాకా ఆమె మాత్రం పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. అలాగని ఎవరు చెప్పారో నాకు తెలియదు. మా అమ్మ ముట్టలేదు, వాళ్ళమ్మ ముట్టలేదు, అంతే.

అప్ప ఘటం ఎత్తింది మా బావ మోచెయ్యి కోసం. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో ఇనుముతో సావాసం చేసి గోరు కూడా విరగ్గొట్టుకోని మనిషి, రిటైరయ్యే ముందు గోల్‌బజార్ నుంచి కూరల సంచితో వస్తూ సైకిలు మీంచి పడ్డాడు. పడింది ఆయన, మొక్కింది ఆవిడ. మా ఇళ్ళల్లో మొక్కులన్నీ ఇలాగే ఉంటాయి. చెయ్యి అతుక్కుంది. ఇక మొక్కు తీర్చకపోతే ఎలా?

పండగ ముందురోజు అప్పకి విరేచనాలయ్యాయి. ఎండలకి మధ్యాహ్నం చారే రాత్రికి పులిసిపోయే రోజులవి, ఏం తిందో ఏమో. అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఘటం ఇంకొకరికి ఇస్తారని భయం. పైగా నీళ్ళు తాగితే ఇంకా అవుతుందని ఆ రోజంతా గొంతు తడుపుకోవడం కూడా మానేసింది. కడుపు జారుతున్నప్పుడు నీళ్ళు ఆపెయ్యడం మా ఇంటి వైద్యం. చిన్నప్పుడు మా అమ్మ మాకూ అదే చేసింది. మేం బతికి బయటపడ్డాం కాబట్టి అది మంచి వైద్యమే అనుకున్నాం.

పండగ రోజు పొద్దున్నే గుడి దగ్గర అప్పని చూసి మురిసిపోయాను. పసుపు చీరలో, ఆ వయసులో కూడా నిటారుగా నిలబడింది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. ఉపవాసం మహిమ అనుకున్నాను. కళ్ళు లోపలికి పోయాయి. రాత్రంతా భక్తితో నిద్రపోలేదు కాబోలనుకున్నాను. మూడో వీధి తిరిగేసరికి తారు రోడ్డు కాలుతోంది, డప్పులు కొట్టేవాళ్ళు చెమటతో తడిసి ముద్దయిపోయారు, అప్ప ఒంటి మీద మాత్రం చుక్క చెమట లేదు. పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుని, చూశావా, అమ్మోరు నీడ పట్టింది అంది. నేనూ చేతులు జోడించాను. పిక్కలు పట్టేసి ఒకచోట ఆగిపోయింది. నేను పట్టుకోబోతే కసురుకుంది. అప్ప జన్మలో నన్ను కసరని మనిషి. దానికి కూడా మాకు అర్థం సిద్ధంగా ఉంది. అమ్మోరు ఒంటి మీదకి వచ్చేముందు ఉగ్రం అలాగే ఉంటుందన్నారు.

ఇప్పుడు లెక్కపెట్టుకుంటే ఒక్కటంటే ఒక్క గుర్తు కూడా మా కళ్ళ పడకుండా పోలేదు. అన్నీ చూశాం. చూసిన ప్రతిదానికీ దణ్ణం పెట్టాం.

అప్పటికి ఎన్ని గుమ్మాల ముందు ఆగిందో, అన్ని బిందెల నీళ్ళు ఆవిడ పాదాల మీదుగా మురిక్కాలవలోకి పోయాయి. ఒకచోట పోస్తున్న నీళ్ళ వంక చూస్తూ నాలుకతో పెదాలు తడుపుకోబోయింది. నాలుకే పొడిగా ఉంది. అది నా కళ్ళారా చూశాను. ఒక గ్లాసు నీళ్ళు నోటికి అందించాల్సింది అక్కడ. ఆ గుమ్మం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేను ఇప్పటికీ పక్క సందులోకి తిరిగిపోతాను.

మా క్వార్టర్ ముందుకి వచ్చేసరికి అప్ప ఊగడం మొదలుపెట్టింది. ఘటాన్ని ఎవరో అందుకున్నారు. కళ్ళు పైకి తేలేసింది. ఏదో గొణుగుతోంది. డప్పులు జోరందుకున్నాయి, ఆడవాళ్ళు చుట్టూ మూగారు, వేపరెమ్మలతో విసిరారు. పండగ నడిపించే పెద్దాయన ముందుకొచ్చి, తల్లీ, ఏం కావాలో చెప్పమని అడిగాడు. అప్ప పెదాలు కదిలాయి.

"నీళ్ళు," అంది. "నీళ్ళు."

"అమ్మోరు నీళ్ళడుగుతోంది, ఏటి సూస్తన్నారు? బిందెలు అట్టుకు రండి," అన్నాడు పెద్దాయన.

వీధి వీధంతా బిందెలతో పరిగెత్తింది. మా ఇంట్లోంచి నేనూ తెచ్చాను. కాస్త పసుపు కలిపి, రెండు వేపాకులు వేసి, మా అప్ప కాళ్ళ మీద నా చేతులతో నేనే పోశాను. అమ్మవారు మా గుమ్మం ముందే పూనినందుకు ఏడుపొచ్చింది నాకు, సంతోషంతో. అప్ప మళ్ళీ నీళ్ళు అంది. మేం మళ్ళీ పోశాం.

పక్క క్వార్టర్‌లో ఒక బెంగాలీ దీదీ ఉండేది. ఆవిడకి తెలుగు రాదు. మా రెండిళ్ళకీ కుళాయి ఒకటే కావడంతో నీళ్ళు, బిందె, అయిపోయాయి అనే మూడు మాటలు మాత్రం వచ్చు. ఆవిడ స్టీలు గ్లాసుతో గుంపులోకి దూరి, "ఓ తో జొల్ చాయిఛే," అంది. తను నీళ్ళు అడుగుతోంది కదా అని. ఎవరో ఆవిడ చెయ్యి పక్కకి తోసేశారు. నిష్ఠలో ఉన్న మనిషి నోటికి నీళ్ళేమిటని కోప్పడ్డారు. ఆవిడ గ్లాసు పట్టుకుని నా వంక చూసింది. నేను కళ్ళతోనే వద్దని చెప్పాను. పాపం, మీ పండగ మీ ఇష్టం అన్నట్టు వెనక్కి వెళ్ళిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ రోజు మా వీధిలో అందరం పూజారులమే.

కాసేపటికి అప్ప కూలబడిపోయింది. పూనకం దిగిందన్నారు. ఎంతకీ లేవకపోయేసరికి బావకి భయమేసింది. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. అప్ప చేతి మీద చర్మం పట్టి వదిలింది. అది మడత పడి అలాగే ఉండిపోయింది. ఆఖరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్ళిందని హిందీలో అడిగింది. ఒక ఇంట్లో పుట్టినదాన్ని నేను, ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడు బావ, ఇద్దరికీ తెలియదు. గొట్టం వేస్తే వచ్చిన కాస్త కూడా డికాక్షన్ రంగులో ఉంది. సెలైన్లు ఎక్కించారు, తడిగుడ్డలు చుట్టారు. కాళ్ళేమో పసుపుతో మెరుస్తున్నాయి. ఆ పసుపేమిటని డాక్టరమ్మ అడిగితే బావ తన తుండుతో తుడవబోయాడు.

అప్ప బతికింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులకి ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగింది, అవి అప్పటికే కొంత తినేసి ఉంటాయి, మొత్తం ఆ ఒక్క రోజే చేసిందని చెప్పలేం అంది డాక్టరమ్మ. నన్ను ఓదార్చడానికి అందో, నిజమే అందో. పెద్ద దెబ్బ మాత్రం ఆ రోజుదే అని కూడా ఆవిడే అంది.

అప్ప ఆస్పత్రి మంచం మీద ఉండగానే, పూనకం తాలూకు వీడియో మా వాళ్ళ ఫోన్లన్నీ చుట్టేసింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి న్యూ సెటిల్‌మెంట్ దాకా రైల్వే కాలనీల్లో అందరూ దాని కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అప్ప చూస్తానంది. నేను కూడా, నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగానే చూపించాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. రెండోసారి పెట్టమంది.

"అమ్మోరు కాదే," అంది. "నేనే అడిగినాను. దాహమేసినాది నాకు."

అప్ప నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఫోను నా చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది. ఆ వీడియో ఇంకా నా ఫోన్లోనే ఉంది. తీసెయ్యడానికి చెయ్యి రాదు, చూడటానికి ధైర్యం రాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మాకు బాగా వచ్చు. మరుసటేడు పండక్కి మా గుమ్మం ముందు బల్ల వేశాను. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అంచుకి సమంగా. డాక్టరమ్మ చెప్పిన కొలత. ఉప్పు చెయ్యి జారితే మేలు బదులు కీడు జరుగుతుందని గట్టిగా చెప్పింది. తెలివి బాగుండి, మింగగలిగితే కొంచెం కొంచెంగా తాగించాలి. మాట తడబడుతూ మత్తుగా ఉంటే నోట్లో బలవంతంగా పోయకూడదు, నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇదంతా నేను గుమ్మం ముందు నిలబడి అందరికీ చెబుతుంటే పెద్దాయనకి ఒళ్ళు మండింది. నీళ్ళు తాగితే నిష్ఠ పోతుందన్నాడు. అన్నం మానమన్నారు గానీ నీళ్ళు మానమని ఏ శాస్త్రంలో రాశారో చూపించమన్నాను. నాలుగైదేళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు. దానివల్ల నాకు పెద్ద నష్టమేం కలగలేదు.

బల్ల పెట్టినా మొదట్లో ఎవరూ తాగలేదు. నిష్ఠ కోసమే అనుకున్నాను చాలాకాలం. ఒకామె నా చెవిలో అసలు సంగతి చెప్పింది. తాగితే మధ్యలో బాత్రూంకి ఎక్కడికి వెళ్ళేది, అంతమంది మగవాళ్ళ ముందు? ఆమె చెప్పిన మరుసటేడు నుంచి బల్లతో పాటు మా బాత్రూం తలుపు కూడా తీసిపెట్టాను. అప్పుడు గ్లాసులు ఖాళీ అవడం మొదలైంది.

ఈ ఏడు పండక్కి అప్పని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. మా వీధి చివరింటి కొత్త కోడలు ఘటం ఎత్తింది. తల్లీదండ్రీ వైజాగ్ వైపు వాళ్ళు, ఈ ఎండలు అలవాటు లేని పిల్ల. సరిగ్గా మా గుమ్మం ముందుకొచ్చి తూలింది. ఘటాన్ని నేను అందుకున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. వెంటనే డప్పుల జోరు పెరిగింది, వెనక నుంచి ఎవరో బిందె తెమ్మని అరిచారు, అప్పటికే ఒకామె చెంబెత్తింది.

"ముందల నోట్లో పొయ్యండి," అంది అప్ప కుర్చీలోంచి. "కాళ్ళ మీద తరవాత పోద్దురు గానీ."

పెద్ద గొంతు కాదు. ఉన్న ఓపికంతా కూడగట్టుకుని అన్న మాట. డప్పులు ఆగాయి. పెద్దాయన ఆవిడ వంక చూశాడు, ఉబ్బిన కాళ్ళ వంక చూశాడు. పక్కకి తప్పుకుని మాకు దారిచ్చాడు. ఆ పిల్లని మా వసారాలో నీడన కూర్చోబెట్టాం. పేరడిగితే చెప్పింది, అత్తగారి పేరూ చెప్పింది, తెలివి బాగానే ఉంది. గ్లాసు నోటికందించాను. గుక్క గుక్కా తాగి, ఇంకో గ్లాసు కావాలంది. అప్ప ఆ పిల్ల గొంతు కదలడాన్నే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం వీధి సద్దుమణిగాక కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాను. బల్ల మీద అప్ప సీసా ఖాళీగా ఉంది. గుమ్మంలో ఆ ఎండకి మధ్యాహ్నానికే తాగేసింది. మర్నాడు డయాలిసిస్, ఈలోగా ఒక్క గుక్క కూడా ఎక్కువ వద్దని ఆస్పత్రివాళ్ళు చెప్పి పంపారు.

"నీళ్ళు," అంది అప్ప.

ఈసారి నాకు సరిగ్గానే వినిపించింది. వంటింట్లో బిందె నిండా నీళ్ళున్నాయి, నేను ఇవ్వలేను. తడిగుడ్డ తెచ్చి పెదాలు తుడిచాను. ఇంకోసారి అడగలేదు. ఆ గుడ్డ పట్టుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను.